మినియాపోలిస్ చలికాలంలో సైకిల్ మీద ఆఫీసు: ష్వాల్బే మారథాన్ వింటర్ ప్లస్ టైర్ల రివ్యూ

చలికాలంలో సైకిల్ మీద ఆఫీసుకు వెళ్దామనుకునేవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగేది జాకెట్ గురించే. ఏ కంపెనీ, ఎంత మందం, లోపల ఎన్ని పొరలు వేసుకోవాలి అని. నేను టైర్ల దగ్గర మొదలుపెడతాను. చలికి ఏదో ఒక ఉపాయం ఇంట్లోనే దొరుకుతుంది, పాత స్వెట్టరో, మఫ్లరో, ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మ బలవంతంగా సూట్‌కేసులో కుక్కిన మంకీ క్యాపో. రోడ్డు మీద గడ్డకట్టిన ఐసుకి మాత్రం బట్టలతో పని జరగదు, ముందు చక్రం పక్కకు జారిందంటే ఒంటి మీద ఎంత ఖరీదైన జాకెట్ ఉన్నా మణికట్టూ తుంటీ నేలకు కొట్టుకోవాల్సిందే. అందుకే ఈ రివ్యూ టైర్ల మీద. ష్వాల్బే అనే జర్మన్ కంపెనీ చేసే మారథాన్ వింటర్ ప్లస్, 42-622 సైజు (42 మిల్లీమీటర్ల వెడల్పు, 622 మిల్లీమీటర్ల రిమ్ము), స్టడ్లు, అంటే ఐసును పట్టుకునే చిన్న లోహపు మొనలు, ఉన్న టైర్లు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్‌లో నవంబర్ నుంచి మార్చి చివరి దాకా రోజూ ఆఫీసుకు రానూపోనూ వాడుతున్నాను, సొంత డబ్బుతో కొన్నవే.

ఈ ఊరి చలి ఎలాంటిదో తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. మన దగ్గర లంబసింగిలో సున్నా దగ్గరకు వచ్చిందంటే జనం కార్లు వేసుకుని చూడ్డానికి వెళ్తారు, ఆదిలాబాద్‌లో 5 డిగ్రీలకు పడితే పేపర్లో పెద్ద వార్త. ఇక్కడ జనవరిలో సగటున పగటి పూటే మైనస్ 5 దగ్గర ఉంటుంది, తెల్లవారుజామున మైనస్ 13, 14. సున్నా ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 18, ఏటా వచ్చి పోయేదే, దానికెవరూ పెద్దగా పట్టించుకోరు. 2019 జనవరి 30న మైనస్ 28 ఫారెన్‌హీట్‌కు పడింది, సెల్సియస్‌లో మైనస్ 33. ఆ రోజు స్కూళ్ళు మూసేశారు, రాష్ట్రంలో పోస్టు కూడా పంచలేదు. అలాంటి రోజుల్లో ఎవరూ సైకిల్ తీయక్కర్లేదు, నేను కూడా బస్సే ఎక్కమంటాను. మిగిలిన చలికాలం అంతా మాత్రం, సరైన టైర్లు ఉంటే, హాయిగా తొక్కొచ్చు. ఇక్కడ చలికాలంలో సైకిల్ తొక్కడం ఏదో సాహసం కింద లెక్క కాదు. ఫిన్లాండ్‌లోని ఔలులో 2013లో మొదలైన వింటర్ సైక్లింగ్ కాంగ్రెస్ 2016లో ఈ ఊళ్ళోనే జరిగింది, వీపున ఆఫీసు బ్యాగు, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని మంచులో వెళ్ళేవాళ్ళు పొద్దున్నే ఎదురవుతూనే ఉంటారు.

నా దారి చెప్తే ఈ టైర్లు ఎందుకు కావాలో తెలుస్తుంది. ఇంటి దగ్గర చిన్న వీధి, తర్వాత మిడ్‌టౌన్ గ్రీన్‌వే, అక్కడి నుంచి పైకెక్కి పార్క్ అవెన్యూ పట్టుకుని డౌన్‌టౌన్‌కు. సాయంత్రం పోర్ట్‌లాండ్ అవెన్యూ మీదుగా వెనక్కి, ఎందుకంటే ఆ రెండూ వన్‌వేలు, ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి. గ్రీన్‌వే గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకప్పుడు మిల్వాకీ రోడ్ అనే రైల్వే కంపెనీ గూడ్సు బళ్ళు నడిచిన కందకం అది, వీధుల కంటే కిందికి తవ్వి పట్టాలు వేశారు. పట్టాలు పోయాక అందులోనే అయిదున్నర మైళ్ళ సైకిల్ దారి వేశారు, మొదటి భాగం 2000లో తెరిచారు. తల మీదుగా ఒకదాని తర్వాత ఒకటి పాత కాంక్రీటు వంతెనలు వెళ్తుంటాయి, పైన కార్లు వాటి దారిన అవి పోతుంటాయి, కింద మనకు సిగ్నల్ లేదు, హారన్ లేదు. మంచు పడితే మంచు తీసే బండి దీంట్లోకి కూడా వస్తుంది, చాలాసార్లు ఇళ్ళ మధ్య వీధుల కంటే ముందే ఇది శుభ్రమవుతుంది.

చిక్కు ఏమిటంటే, ఇలా శుభ్రం చేసిన దారి మీదే ఐసు పట్టేది. బండి మంచును రెండు పక్కలకూ నెట్టి గట్లుగా పోస్తుంది. మర్నాడు ఎండ కాస్తే ఆ గట్లు కరిగి నీళ్ళు దారికి అడ్డంగా పారతాయి, సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు గుంకేసరికి (డిసెంబర్‌లో ఇక్కడ అంతే) ఆ నీళ్ళు గట్టిపడి, తడిగా ఉన్న తారులాగే కనిపిస్తూ పడుకుని ఉంటాయి. పైగా ఈ కందకం తూర్పు పడమరలుగా ఉంటుంది. డిసెంబర్ నడిమధ్య మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఇక్కడ 22 డిగ్రీల ఎత్తు దాటడు కాబట్టి దక్షిణం వైపు గోడ నీడ దారిని వదలదు, అక్కడ పట్టిన ఐసు వారాల తరబడి కదలదు. ఉప్పు చల్లినా మైనస్ 9, 10 కిందికి వెళ్ళాక దాని పని పెద్దగా ఉండదు.

ఇంకో సంగతి, కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్తే వింతగా చూస్తారు. మరీ చలి ఉన్న రోజు ఐసు అంతగా జారదు. మైనస్ 20లో దాని మీద కాస్త పట్టు దొరుకుతుంది, నడిచి చూసినా తెలుస్తుంది. సున్నాకు అటూ ఇటూ ఊగే రోజుల్లో ఐసు పైన సన్నటి నీటి పొర ఉంటుంది, అసలు ప్రమాదమంతా అప్పుడే. అంటే నవంబర్ చివర, మళ్ళీ మార్చి. చలి తగ్గింది కదా అని మార్చి మొదట్లోనే స్టడ్ టైర్లు విప్పేసేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది.

ఇక టైరు సంగతి. చేతిలోకి తీసుకోగానే ముందు తెలిసేది బరువు, ఒక్కోటి కిలో దాటుతుంది, మామూలు సిటీ టైరుకు రెట్టింపు అనుకోండి. రబ్బరు చలిలో బిగుసుకుపోకుండా ఉండేలా చేసిన రకం, మామూలు టైరు మైనస్ 15లో గట్టిపడి పట్టు వదిలేస్తుంది, ఇది వేలితో నొక్కితే అప్పుడు కూడా కొంచెం లోపలికి పోతుంది. ఈ సైజులో 240 దాకా స్టడ్లు ఉంటాయి, మధ్యలో రెండు వరసలు, రెండు అంచుల్లో చెరొక వరస. ఒక్కో స్టడ్ ఒక చిన్న లోహపు గుబ్బ, దాని నడుమ టంగ్‌స్టన్ కార్బైడ్ మొన. కాంక్రీటుకు కన్నాలు వేసే డ్రిల్ బిట్ల చివర ఉండేది ఇదే పదార్థం, అందుకే తారు రోడ్డు మీద రోజూ గీసుకున్నా అంత తొందరగా అరగదు. బొటనవేలు పెట్టి నొక్కితే గుచ్చుకోదు, గోరు ఆనించి లాగితే గోరు మీద తెల్లటి గీత పడుతుంది. టైరు పక్కన చుట్టూ వెలుతురు తిప్పికొట్టే గీత ఒకటి ఉంది, సాయంత్రం అయిదింటికే చీకటి పడే ఊళ్ళో ఇది చాలా ఉపయోగం, పక్క వీధి నుంచి వచ్చే కారు లైటు పడగానే రెండు వలయాలు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. తొడుగు కింద పంక్చర్ పడకుండా మందపాటి పొర ఉంది. చలికాలంలో పంక్చర్ అంటే మైనస్ 10లో గ్లవ్స్ విప్పి, వేళ్ళు కొంకర్లు పోతుంటే ట్యూబు మార్చుకోవడం, కాబట్టి ఆ పొర కోసం మోసే బరువు గురించి నాకే ఫిర్యాదూ లేదు.

ఐసు మీద ఎలా ఉంటుందంటే, ఏమీ జరగనట్టు ఉంటుంది. ఇంతకంటే గొప్ప మెచ్చుకోలు నాకు తెలీదు. తారు మీద వెళ్తూ వెళ్తూ నల్లటి ఐసు పలక మీదికి ఎక్కుతాం, టైరు శబ్దం మారుతుంది, కరకరమనడం ఆగి సన్నగా గీసుకుంటున్న చప్పుడు వస్తుంది, హ్యాండిల్‌లో ఏ తేడా ఉండదు, మళ్ళీ తారు వస్తుంది. నిలబడి చూస్తే ఐసు మీద టైరు వెళ్ళిన దారంతా చుక్కలు చుక్కలుగా తెల్లటి గాట్లు ఉంటాయి, ఒక్కో మొన ఒక్కో గాటు పెట్టుకుంటూ వెళ్ళిందన్నమాట. తమాషా ఏంటంటే సిగ్నల్ దగ్గర సైకిల్ స్థిరంగా నిలబడుతుంది, కాలు కింద పెడితే బూటు జారుతుంది. అందుకని ఆగేటప్పుడు కాలు ఎక్కడ పెడుతున్నారో చూసుకోవాలి. మలుపుల్లో సైకిల్‌ను వంచకుండా, హ్యాండిల్ నెమ్మదిగా తిప్పుకుంటూ వెళ్ళాలి, ముందు బ్రేకు సున్నితంగా వాడాలి. స్టడ్లు ఉన్నాయి కదా అని ఎండాకాలంలో తొక్కినట్టు తొక్కితే ఏ టైరూ కాపాడదు.

గాలి విషయం దగ్గర కాసేపు ఆగాలి, చాలామంది ఇక్కడే నిర్లక్ష్యం చేస్తారు. ఈ టైరు గొప్పతనంలో సగం గాలి ఎంత కొట్టామన్న దానిలో ఉంది. గాలి గట్టిగా ఉంటే టైరు నడుమ భాగమే నేలకు ఆనుతుంది, అంచుల్లో ఉన్న వరసలు పైకి తేలి ఉంటాయి, పొడి రోడ్డు మీద తేలిగ్గా దొర్లుతుంది. గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని అంచుల స్టడ్లు కూడా నేలను పట్టుకుంటాయి. కాబట్టి వారమంతా పొడిగా ఉంటే గట్టిగా, ఐసు పట్టిన రోజు మెత్తగా, టైరు పక్కన రాసిన హద్దులు దాటకుండా. దీంతోపాటు ఇంకొకటి, ఇంట్లో 20 డిగ్రీల వెచ్చదనంలో 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టి బయటికి తీసుకెళ్తే మైనస్ 20లో అది దానంతటదే 50కి దిగిపోతుంది. ఎక్కడా లీకు లేదు, గాలి చల్లబడి కుంచించుకుపోవడమే. ఇది తెలియక ట్యూబు పోయిందని మార్చుకునేవాళ్ళున్నారు. ఇంట్లో కొట్టేటప్పుడే పది పీఎస్‌ఐ కలుపుకుని కొడితే సరిపోతుంది.

ఇప్పుడు కష్టాలు. ఇవి ఈ కంపెనీవని కాదు, స్టడ్ టైరు ఏదైనా ఇంతే. మొదటిది శబ్దం. పొడి తారు మీద వెళ్తుంటే నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఆగకుండా మోగుతూ ఉంటుంది, పాతిక నిమిషాల పోపు అన్నమాట. నాకు అలవాటైపోయింది, ముందు నడిచేవాళ్ళు గంట కొట్టకుండానే పక్కకు జరుగుతారు, అదీ ఒక మేలే. రెండోది వేగం. టైర్ల బరువు, స్టడ్ల రాపిడి, దానికి తోడు చలిగాలి చిక్కన, మైనస్ 20లో గాలి సాంద్రత 20 డిగ్రీల్లో ఉన్నదాని కంటే ఆరో వంతు దాకా ఎక్కువ, దాన్ని తోసుకుంటూ పోవాలి. అన్నీ కలిపి ఎండాకాలంలో పట్టే టైముకి పావు వంతు కలుపుకోండి, మీటింగు తొమ్మిదింటికి ఉంటే ఆ లెక్కన బయల్దేరండి. మూడోది ధర. ఒక్కోటి 80 డాలర్లు దాటుతుంది, రెండు టైర్లకు టాక్స్‌తో కలిపి చూస్తే మామూలు టైర్లు కొనే అలవాటున్నవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. డౌన్‌టౌన్‌లో కారు పార్కింగ్‌కు నెలకు కట్టే డబ్బుతో పోల్చుకుంటే ఈ ఖర్చు చిన్నది, పైగా చలికాలం తర్వాత చలికాలం వస్తూనే ఉంటాయి.

ఏ పని చేయవో కూడా చెప్పాలి. లోతైన కొత్త మంచులో స్టడ్లు చేసేదేమీ లేదు. నాలుగు అంగుళాలు దాటిన మెత్తటి మంచులో, ముఖ్యంగా కార్లు తొక్కి తొక్కి పంచదారలా గోధుమరంగు పొడి చేసిన మంచులో, మొన కుచ్చుకోవడానికి గట్టి నేలే అందదు, ముందు చక్రం దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. దానికి వెడల్పాటి టైర్ల ఫ్యాట్ బైకులు కావాలి, నాలుగంగుళాల టైరుతో మంచు మీద తేలిపోతూ వెళ్ళేవి. సర్లీ అనే కంపెనీ పగ్స్‌లీ మోడల్‌ను 2005లో తెచ్చి వాటిని జనంలోకి తీసుకెళ్ళింది, ఆ కంపెనీ ఉన్నది ఈ ఊరి పక్కనున్న బ్లూమింగ్టన్‌లోనే. ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు మాత్రం ఫ్యాట్ బైకు అనవసరం అని నా అభిప్రాయం. లోతైన మంచు ఉండేది పడిన రోజూ, మహా అయితే మర్నాడూ, ఐసు మాత్రం నెలలు ఉంటుంది. ఆ ఒకటి రెండు రోజులు బస్సెక్కండి. మెట్రో ట్రాన్సిట్ బస్సుల ముందు సైకిల్ పెట్టుకునే స్టాండు ఉంటుంది, దానికి అదనంగా డబ్బులేమీ అడగరు, మధ్యదారిలో వాతావరణం చెడిపోయినా సైకిల్ దాని మీద పెట్టి ఇంటికి రావచ్చు.

మా టీంలో ఖమ్మం నుంచి వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు, వాడు కొత్తగా సైకిల్ మొదలుపెట్టాడు. మొన్నామధ్య అడిగాడు, "అక్కా, రెండు టైర్లూ కొనాలంటే బడ్జెట్ సరిపోవట్లేదు, ఒక్కటి కొని వెనక వేసుకోనా, పెడల్ తొక్కితే తిరిగేది వెనక చక్రమే కదా?" అని. వద్దురా నాయనా, ఒక్కటే కొంటే ముందు వెయ్యి అన్నాను. వెనక చక్రం జారితే సైకిల్ తోక ఊపుతుంది, చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందు చక్రం జారితే సర్దుకునే టైమే ఉండదు, కళ్ళు మూసి తెరిచేలోపు నేల మీద ఉంటాం. వాడు ముందుకి ఒకటి వేసుకున్నాడు, జీతం పడ్డాక రెండోది కొన్నాడు. ముందొకటి ఉన్నా ఎత్తు ఎక్కేటప్పుడు వెనక చక్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, బ్రేకు వేస్తే పక్కకు లాగుతుంది, కాబట్టి వీలైతే రెండూ వేయించుకోవడమే మంచిది.

కొనే ముందు చూసుకోవాల్సింది సైకిల్‌లో చోటు. 42 మిల్లీమీటర్ల టైరు, దాని మీద స్టడ్లు, దాని మీద మడ్‌గార్డు, ఆ సందులో మంచు ఇరుక్కుంటే చక్రం తిరగడమే మానేస్తుంది. రోడ్ బైకు ఉన్నవాళ్ళకు చాలావరకు పట్టదు, వాళ్ళు ఇంకా సన్న సైజులు వెతుక్కోవాలి. బిగించేటప్పుడు టైరు గదిలో కాసేపు ఉంచి వెచ్చబడ్డాక మొదలుపెట్టండి, అంచు చాలా బిగుతుగా ఉంటుంది, చేతికి తోటపని గ్లవ్స్ వేసుకోండి, లేకపోతే అరచేతులు గీసుకుపోతాయి. తిరిగే దిక్కు చూపే బాణం టైరు పక్కన ఉంటుంది. ఒక షాపులో నాకు అది తిప్పి బిగించి ఇచ్చారు, ఇంటికి వచ్చి చూసుకుని మళ్ళీ తీసుకెళ్ళి మార్పించుకోవాల్సి వచ్చింది, వాళ్ళు తప్పు ఒప్పుకున్నారు కూడా, అయినా మీరు షాపు దాటకముందే చూసుకోండి. బిగించాక మొదటి 40 కిలోమీటర్లు మామూలు తారు మీద, సడన్ బ్రేకులూ విసురుగా తొక్కడాలూ లేకుండా నడపాలి, అప్పుడే స్టడ్లు రబ్బరులో గట్టిగా కుదురుకుంటాయి. ఈ ఒక్క నియమం పాటించనివాళ్ళ టైర్లలోనే స్టడ్లు రాలిపోయి ఉత్త గుంటలు కనిపిస్తుంటాయి. రాలినా విడిగా స్టడ్లు, వాటిని ఎక్కించే పనిముట్టు అమ్ముతారు, టైరంతా పారేయక్కర్లేదు.

వేరే కంపెనీల సంగతి అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. ఫిన్లాండ్ నుంచి నోకియన్ పేరుతో వచ్చిన సైకిల్ టైర్లు ఇప్పుడు సువోమి టైర్స్ పేరుతో వస్తున్నాయి, వాటికీ మంచి పేరుంది, 106 స్టడ్ల రకం దారి ఎక్కువగా పొడిగా ఉండేవాళ్ళకు బాగుంటుంది. బ్లూమింగ్టన్ వాళ్ళదే 45నార్త్ అనే బ్రాండ్ ఉంది, చలికాలం సామాన్ల మీదే బతికే బ్రాండ్ అది, లోకల్ షాపుల్లో సులువుగా దొరుకుతుంది. వీటిలో ఏది కొన్నా నేను కాదనను. ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేకుండా సగం ధరకు వచ్చే వాటిని మాత్రం చూసి కొనండి. స్టడ్ కార్బైడా, ఉత్త స్టీలా అన్నది రాసి ఉండాలి. ఉత్త స్టీలైతే తారు మీద అరిగి నున్నబడిపోతుంది, చూడ్డానికి స్టడ్ టైరే, ఐసు మీద మాత్రం మామూలు టైరు కంటే పెద్ద తేడా ఉండదు. ఇంకొకరు అడిగారు, ఇవి వాడటం చట్టప్రకారం సరేనా అని. మిన్నెసోటాలో ఉండేవాళ్ళ కార్లకు స్టడ్ టైర్లు నిషేధమే, సైకిళ్ళకు మాత్రం అనుమతి ఉంది, ఆ భయం అక్కర్లేదు.

టైర్లు కాక మిగిలిన వాటి గురించి నాలుగు మాటలు, ఎందుకంటే ఇవి లేకపోతే టైర్ల మీద పెట్టిన డబ్బుకు ఫలితం పూర్తిగా రాదు. చేతులకు గ్లవ్స్ కంటే హ్యాండిల్‌కు తొడిగే సంచుల్లాంటి పోగీలు మేలు, వాటిలోకి చేతులు దూర్చేస్తే లోపల పల్చటి గ్లవ్స్ చాలు, బ్రేకులూ గేర్లూ సులువుగా అందుతాయి. ఒంటికి కాటన్ వద్దు, చెమటకు తడిస్తే ఇక ఆరదు, ఉన్ని బనీను వేసుకోండి. ఇంట్లోంచి బయటికి అడుగుపెట్టగానే వెచ్చగా అనిపించిందంటే ఎక్కువ వేసుకున్నట్టు లెక్క, మొదటి అయిదు నిమిషాలు కొంచెం వణకాలి. మంకీ క్యాప్ హెల్మెట్ కింద చక్కగా పడుతుంది, ఇక్కడి షాపుల్లో 40 డాలర్లకు అమ్మేవాటికి ఏమాత్రం తీసిపోదు. కళ్ళజోడు వాళ్ళకు ఆవిరి బాధ ఉంది, క్యాప్‌ను ముక్కు కిందికి లాక్కుంటే చాలావరకు తగ్గుతుంది.

సైకిల్‌కు ఉప్పు పెద్ద శత్రువు. రోడ్డు మీద చల్లిన ఉప్పునీళ్ళు చైన్‌ను వారంలో ఎర్రగా తుప్పు పట్టిస్తాయి, రెండు మూడు రోజులకోసారి తుడిచి నూనె వేయాలి, ఖరీదైన చైన్ ఈ సీజన్లో వద్దు. బయట మంచులో తడిసిన సైకిల్‌ను వెచ్చటి ఇంట్లోకి తెచ్చి, కరిగిన నీళ్ళు ఆరకముందే మళ్ళీ బయటికి తీస్తే ఆ నీళ్ళు బ్రేకు కేబుళ్ళలో గడ్డకడతాయి, కాబట్టి అయితే పూర్తిగా ఆరనివ్వండి, లేకపోతే చల్లటి గరాజ్‌లోనే ఉంచండి. లైట్ల బ్యాటరీ చలిలో తొందరగా దిగిపోతుంది, ఆఫీసులో చార్జింగ్‌కు పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి.

మా అమ్మ విజయవాడ నుంచి ప్రతి చలికాలం ఫోన్‌లో అడుగుతుంది, "కారు ఉంది కదే, ఆ మంచులో సైకిలేంటే, పడితే ఎవరు చూస్తారే" అని. వీడియో కాల్‌లో టైరు దగ్గరగా పెట్టి స్టడ్లు చూపించాను, ఆవిడ కాసేపు చూసి "మేకులు కొట్టినట్టున్నారు, సరే, మెల్లగా వెళ్ళు" అంది. నేను కారు వదిలి దీని మీద వెళ్ళడానికి కారణం ఆవిడకు చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను. ఈ ఊళ్ళో అయిదు నెలలు తలుపులు మూసుకుని కూర్చుంటే, పొద్దున చీకట్లో కారెక్కి సాయంత్రం చీకట్లో కారు దిగితే, మనసు ముడుచుకుపోతుంది. దేశం నుంచి వచ్చిన మనవాళ్ళలో చాలామంది జనవరి వచ్చేసరికి దిగులు పడటం నేను కళ్ళారా చూశాను. రోజుకు రెండుసార్లు బయటి గాలి తగిలి, గుండె వేగంగా కొట్టుకుని, మంచు మీద పడిన ఎండను కళ్ళారా చూస్తే ఆ దిగులు దగ్గరికి రాదు, నా మటుకు నాకు ఇది పరీక్షించి చూసుకున్న సత్యం. ఆ ధైర్యం ఇచ్చింది ఈ టైర్లే, పడిపోతానన్న భయం బుర్రలో తిరుగుతుంటే ఆ ఎండ కంటికి కనపడదు.

ఎవరికి అక్కర్లేదంటే, డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండి ఏడాదికోసారి ఐసు చూసేవాళ్ళకు అక్కర్లేదు, ఆ రోజు ఇంటి నుంచి పని చేసుకోండి. చికాగో, టొరంటో, మాంట్రియల్ లాంటి చోట్ల, ఫిన్లాండ్, స్వీడన్ వెళ్ళిన మనవాళ్ళకు, కరగడం గడ్డకట్టడం రోజూ జరిగే ఏ ఊళ్ళో ఉన్నవాళ్ళకైనా కళ్ళు మూసుకుని కొనమంటాను. హైదరాబాద్ డిసెంబర్ పొగమంచులో తొక్కేవాళ్ళకు దీనితో పనిలేదు, మీ డబ్బు మంచి లైట్ల మీద పెట్టండి.

కొనేదుంటే అక్టోబర్‌లోనే కొనండి. మొదటి మంచు పడిన మర్నాడు షాపుకు వెళ్తే 42-622 సైజు అయిపోయిందంటారు, ఆన్‌లైన్‌లో రెండు వారాలంటారు, ఆ రెండు వారాలే ఏడాది మొత్తంలో రోడ్డు ఎక్కువ జారే రోజులు. విప్పడం మాత్రం ఏప్రిల్ సగం అయ్యేదాకా ఆగి చేయండి, 2018లో ఏప్రిల్ నడుమ ఈ ఊళ్ళో అడుగుకు పైగా మంచు పడింది. విప్పాక ఉప్పు పోయేలా నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఎండ తగలని చోట వేలాడదీసి, ఏది ముందు చక్రానిదో ఏది వెనకదో చాక్‌పీసుతో రాసి పెట్టుకోండి, వెనకది ఎక్కువ అరుగుతుంది కాబట్టి వచ్చే ఏడు బిగించేటప్పుడు స్టడ్లు బాగా మిగిలినదాన్నే ముందుకు వేసుకోవాలి.